సేనాని సహధర్మచారిణి - జూలియా గ్రాంట్ జీవితం

చరిత్ర గ్రంథాలు తిరగవేసే వారికి సేనానుల పేర్లు, దేశాధ్యక్షుల పేర్లు పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. వారు గెలిచిన యుద్ధాలు, చేసిన శాసనాలు, ఏలిన సంవత్సరాలు లెక్కగా లభిస్తాయి. ఆ సేనాని యుద్ధానికి తరలిన నాడు ఇంట మిగిలిన ఇల్లాలు సంసారం ఎట్లా నడిపిందో, పిల్లలను ఎట్లా పెంచిందో, ఎన్ని ఉత్తరాలకు ఎదురుచూసిందో చెప్పే పుటలు మాత్రం బహు స్వల్పం. సైనికుని భార్యగా జీవితం ఆరంభించి దేశపు ప్రథమ మహిళగా ఎనిమిది సంవత్సరాలు వెలిగిన ఒక స్త్రీ కథను ఈ సంచికలో మా పాఠకుల ముందు ఉంచదలచాము. ఆమె పేరు జూలియా డెంట్ గ్రాంట్. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యాలను విజయపథాన నడిపి, అనంతరం ఆ దేశానికి 18వ అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ సహధర్మచారిణి ఆమె.

ఆమెను ఆదర్శ మహిళ అని కీర్తించి ఊరకుండడం మా ఉద్దేశం కాదు. ఆమె జీవితంలో మెచ్చుకొనదగినది ఎంతో ఉంది. మెచ్చుకొనలేనిది కూడా ఉంది. బానిసల శ్రమ మీద నిలిచిన ఇంట పుట్టి, బానిసత్వాన్ని కూలదోసిన సైన్యాల అధిపతిని వరించిన స్త్రీ ఆమె. ఆ రెండు ఇండ్ల నడుమ ఆమె మనస్సు ఎక్కడ నిలిచిందో చూడకుండా ఆమె కథ చెబితే అది సగం కథ అవుతుంది. అందుచేత రెండింటినీ చెప్పడానికే ప్రయత్నిస్తాము.

జూలియా 1826వ సంవత్సరం జనవరి 26వ తేదీన మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగర సమీపాన జన్మించింది. తండ్రి ఫ్రెడరిక్ డెంట్, తల్లి ఎలెన్. డెంటును అందరూ కర్నలు అని పిలిచేవారు. అది సైన్యం ఇచ్చిన హోదా కాదు. ఆ కాలపు దక్షిణాది భూస్వాములకు లోకం మర్యాదగా తగిలించే బిరుదు. వైట్ హేవెన్ అని పేరుగల ఆయన కమతం సుమారు 850 ఎకరాలు. పొలం దున్నడం మొదలు వంట వండడం వరకు అక్కడ ప్రతి పనీ బానిసలే చేసేవారు. ఒక దశలో వారి సంఖ్య ముప్పై వరకు ఉండేది.

నలుగురు అన్నల తరువాత పుట్టిన తొలి ఆడపిల్ల కావడం వల్ల జూలియా ఆ ఇంట గారాబంగా పెరిగింది. బానిసల పిల్లలతో కలిసి వాగు ఒడ్డున చేపలు పట్టింది, గుర్రపుస్వారీ నేర్చింది. సెయింట్ లూయిస్‌లోని ఒక వసతి పాఠశాలలో కొన్నేళ్ళు చదువుకొంది. నవలలు, సంగీతం ఆమెకు ప్రీతిపాత్రమైనవి. ఆమెకు పుట్టుకతో మెల్లకన్ను. ఆ కారణాన తరువాతి కాలంలో ఫోటోలు తీసేటప్పుడు ముఖం ఒక ప్రక్కకు త్రిప్పి కూర్చునేది. ఆమె చిత్రాలలో అత్యధికం ప్రక్క నుండి తీసినవే కావడానికి ఇదే హేతువు.

ఆమె అన్నలలో ఒకడైన ఫ్రెడరిక్ వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చదివే రోజులలో అతనితో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు యులిసిస్ గ్రాంట్. ఓహాయో రాష్ట్రంలో తోళ్ళు పదునుచేసే వ్యాపారి కుమారుడు. 1843లో చదువు ముగిసిన పిదప సెయింట్ లూయిస్ దగ్గరి జెఫర్సన్ బారక్స్ దండులో నియమింపబడి, మిత్రుని ఇల్లు సమీపంలోనే ఉన్నందున వైట్ హేవెన్‌కు రాకపోకలు సాగించాడు. 1844 ప్రారంభంలో జూలియాను చూశాడు. అప్పటినుండి ఆ ఇంటికి అతని రాకపోకలు మరింత పెరిగాయి. జూలియా ముద్దుగా పెంచుకొన్న కానరీ పిట్ట చనిపోతే ఈ యువ సైనికాధికారి చిన్న శవపేటిక చేయించి, పసుపు రంగు వేయించి, తోటి అధికారులను వెంటబెట్టుకొని వచ్చి దానికి అంత్యక్రియలు జరిపించాడట. ముభావి అని పేరుపడిన మనిషి చేసిన పని అది.

ఆ వసంతంలో అతని పటాలానికి దక్షిణానికి కదలవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. గ్రాంట్ వీడ్కోలు చెప్పడానికి బయలుదేరితే దారిలోని గ్రావోయి వాగు పొంగి పొరలుతోంది. గుర్రాన్ని వాగులోకి దింపి, తడిసి ముద్దయి ఆవలి గట్టుకు చేరాడు. జూలియా అన్నగారి పొడిబట్టలు అరువు తీసుకొని కట్టుకొని, తన మనస్సు విప్పి చెప్పాడు. జూలియా అంగీకరించింది కాని తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. సైనికునికి జీతం తక్కువ, నిలకడ లేని కాపురం, గారాబంగా పెరిగిన బిడ్డ తట్టుకోలేదని ఆయన భయం. అంతలో మెక్సికో యుద్ధం వచ్చింది. నిశ్చితార్థమైన నాలుగేండ్లలో ఆ ఇద్దరూ కలుసుకొన్నది ఒక్కసారే. మిగిలినదంతా ఉత్తరాల మీద నడిచిన అనురాగం. అతడు వ్రాసిన ఉత్తరాలను ఆమె జీవితాంతం భద్రపరిచింది. అవి నేటికీ లభిస్తున్నాయి. ఆమె వ్రాసినవి దాదాపు అన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి.

1848వ సంవత్సరం ఆగస్టు 22న సెయింట్ లూయిస్‌లోని డెంట్ గృహంలో వివాహం జరిగింది. వరుని తల్లిదండ్రులు రాలేదు. యులిసిస్ తండ్రి జెస్సీ గ్రాంట్ బానిసత్వానికి బద్ధవిరోధి. బానిసలను ఉంచుకొన్న ఇంట కాలు పెట్టడం ఇష్టం లేకనే రాలేదని చరిత్రకారులు భావిస్తారు. పెండ్లికి వచ్చి నిలబడ్డ సైనిక మిత్రులలో జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ ఒకడు. పదమూడేండ్ల తరువాత అతడు దక్షిణ సైన్యంలో సేనాపతి అయ్యాడు. అమెరికాను రెండుగా చీల్చబోయే గీత ఆనాడే ఆ పెండ్లి పందిరి మధ్యగా సాగిందని మాకు తోస్తుంది.

కొత్త కాపురం దండు నుండి దండుకు మారుతూ సాగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సాకెట్స్ హార్బర్, ఆ తరువాత డెట్రాయిట్. పని అంతా బానిసలు చేసే ఇంట పెరిగిన జూలియా చిన్న జీతంలో ఇల్లు గడపడం, ఖర్చు వ్రాసుకోవడం ఇక్కడే నేర్చింది. 1850లో పెద్ద కుమారుడు ఫ్రెడ్ పుట్టాడు. 1852లో పటాలాన్ని పసిఫిక్ తీరానికి పంపారు. ఆనాడు ఖండాన్ని దాటే రైలు లేదు. ఓడలో పనామాకు వెళ్ళి, ఆ భూసంధిని దాటి, మళ్ళీ ఓడ ఎక్కాలి. జూలియా అప్పుడు నిండు గర్భిణి. ఆమెను తీసుకొని పోవడం క్షేమం కాదని గ్రాంట్ ఒంటరిగా వెళ్ళాడు. ఆ దారిలో కలరా సోకి సైనికులు, వారి కుటుంబాల వారు అనేకులు మరణించారు. ఆమె వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. రెండవ కుమారుడు అత్తవారింట ఓహాయోలో ఆ జూలై మాసంలో పుట్టాడు. తండ్రి ఆ బిడ్డను చూచింది రెండేండ్ల తరువాత.

ఆ రెండేండ్ల ఎడబాటు గ్రాంటును క్రుంగదీసింది. భార్యాబిడ్డలను రప్పించుకొనడానికి చాలినంత జీతం లేదు. చేసిన చిన్న వ్యాపారాలు నష్టం తెచ్చాయి. మద్యం త్రాగుతున్నాడన్న అపవాదు ఆ కాలంలోనే పుట్టి, జీవితాంతం అతని వెంట నడిచింది. 1854లో సైన్యానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చాడు. భార్య దగ్గర ఉన్నప్పుడు అతడు నిబ్బరంగా ఉంటాడని, దూరమైతే తల్లడిల్లుతాడని వారిని ఎరిగినవారు గ్రహించారు. జూలియా కూడా గ్రహించింది. ఆమె తరువాతి జీవితాన్ని నడిపిన సూత్రం ఇదే: అతడు ఎక్కడ ఉంటే తన ఇల్లు అక్కడ.

తరువాతి ఆరు సంవత్సరాలు దారిద్ర్యంతో గడిచాయి. మామగారు ఇచ్చిన భూమిలో గ్రాంట్ స్వయంగా దుంగలు నరికి ఇల్లు కట్టాడు. దానికి కష్టాల కొట్టు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నాడు. జూలియాకు ఆ మోటు ఇల్లు నచ్చలేదు. అయినా కుర్చీలు, తెరలు సర్ది నివాసయోగ్యం చేసింది. గ్రాంట్ కట్టెలు కొట్టి బండిమీద సెయింట్ లూయిస్ వీధులలో అమ్మాడు. 1857లో దేశమంతటా ఆర్థిక సంక్షోభం రాగా పంటకు ధర లేకుండా పోయింది. ఆ డిసెంబరులో తన బంగారు గడియారాన్ని 22 డాలర్లకు కుదువ పెట్టాడు. అప్పటికి వారికి ముగ్గురు పిల్లలు; కడసారి వాడు జెస్సీ 1858లో పుట్టాడు. సైన్యం వదలి వచ్చిన భర్తను చుట్టుపట్ల వారు చులకన చేస్తున్నా, అతడు గొప్పవాడవుతాడన్న నమ్మకాన్ని జూలియా వదలలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు సాగలేము. ఇంత పేదరికంలో కూడా ఆ ఇంట బానిసలు ఉన్నారు. ఎలైజా, డాన్, జూల్, జాన్ అనే నలుగురు జూలియావారిగా చెప్పబడేవారు. శాసనరీత్యా యాజమాన్యం తండ్రి చేతిలోనే ఉండి ఉండవచ్చు. గ్రాంట్ దగ్గర విలియం జోన్స్ అనే ఒక బానిస ఉండేవాడు. 1859లో, రొక్కం కోసం అల్లాడే స్థితిలో, అతనిని అమ్మితే వందలాది డాలర్లు వచ్చేవి. గ్రాంట్ అతనిని అమ్మలేదు. న్యాయస్థానానికి వెళ్ళి విడుదల పత్రం వ్రాసి ఇచ్చాడు. జూలియా అట్టి పత్రమేదీ వ్రాయించలేదు. మరుసటి ఏడు, మామగారి తోళ్ళ దుకాణంలో భర్తకు పని దొరికి ఇల్లినాయ్ రాష్ట్రంలోని గెలీనా పట్టణానికి కాపురం మార్చినప్పుడు, బానిసత్వం నిషిద్ధమైన ఆ రాష్ట్రానికి వారిని తీసుకొని వెళ్ళే వీలు లేక, మిస్సోరీలోనే ఇతరులకు కూలికి ఇచ్చి వెళ్ళారు. ఒకే కప్పు క్రింద, ఒకే పేదరికంలో, భార్యాభర్తలు ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పారు.

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం ఆరంభమైంది. తోళ్ళ దుకాణంలో గుమాస్తాగా ఉన్న గ్రాంట్ కొద్ది వారాలలోనే 21వ ఇల్లినాయ్ పటాలానికి కర్నలు అయ్యాడు. పదకొండేండ్ల ఫ్రెడ్ తండ్రి వెంట వెళ్ళాడు. యుద్ధరంగానికి సమీపిస్తున్నామని గ్రాంట్ పిల్లవాణ్ణి వెనుకకు పంపదలచగా, జూలియా పంపవద్దని జాబు వ్రాసింది. మాసిడోనియా రాజు ఫిలిప్ వెంట అలెగ్జాండర్ దండయాత్రకు వెళ్ళిన నాడు అతడూ పెద్దవాడు కాదు కదా అని ఆమె వాదం. జాబు అందేలోగానే ఫ్రెడ్ తిరుగు ప్రయాణం కట్టాడు. నవలలు చదివిన పిల్ల, సైనికుని భార్య, ఇద్దరూ ఆ జాబులో కనిపిస్తారు.

తండ్రి డెంట్ దక్షిణ పక్షాన నిలిచాడు. పుట్టినింటి వారు శత్రుపక్షాన్ని అభిమానిస్తుండగా భర్త ఆ పక్షం మీద యుద్ధం చేస్తున్నాడు. జూలియా సందేహించక భర్త పక్షాన నిలిచింది. పిల్లలను వెంటబెట్టుకొని, వీలు దొరికిన ప్రతిసారీ రైళ్ళలో, పడవలలో ప్రయాణం చేసి ఆయన ఉన్న విడిదికి చేరుకొనేది. కైరో, మెంఫిస్, హోలీ స్ప్రింగ్స్, విక్స్‌బర్గ్, నాష్‌విల్ - ఆయన విడిసిన చోట్లనే ఆమె కాపురం. సేనాపతి భార్య దగ్గర ఉంటే ఆయన మనస్సు కుదుటగా ఉంటుందని అంతరంగికులైన అధికారులు సంతోషించేవారు.

ఆ కాపురం ప్రమాదరహితం కాదు. 1862 డిసెంబరు 20న దక్షిణ సేనాని వాన్ డార్న్ అశ్వికదళంతో హోలీ స్ప్రింగ్స్ మీద దాడి చేసి, గ్రాంట్ సైన్యపు సామగ్రి నిల్వలు తగులబెట్టాడు. అక్కడ విడిది చేసిన జూలియా అంతకు కొద్ది గంటల ముందే భర్తను కలుసుకొనడానికి బయలుదేరి వెళ్ళింది. ఆమె బండిని శత్రువులు కాల్చివేశారు. ఆలస్యమై ఉంటే ఆమె బందీ అయ్యేది. ఆ ప్రయాణాలలో బిడ్డను ఎత్తుకొని ఆమె వెంట నడిచిన దాది జూల్. పట్టుబడి ఉంటే జూలియాను కొద్ది రోజులలో మర్యాదగా పంపివేసేవారు. జూల్ గతి వేరుగా ఉండేది.

బానిసలను విముక్తులను చేస్తూ లింకన్ 1863 జనవరి 1న ప్రకటన వెలువరించాడు. అది తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే గాని సమాఖ్యలో మిగిలిన మిస్సోరీకి, కెంటకీకి వర్తించలేదు. ఆ విధంగా, విముక్తి సైన్యపు సేనాని భార్యకు సేవ చేస్తున్న జూల్ మిస్సోరీ శాసనం ప్రకారం ఇంకా బానిసయే. 1864లో జూలియా మిస్సోరీకి తిరిగి వెళ్తూ కెంటకీలోని లూయీవిల్ చేరినప్పుడు జూల్ ఆమెను వదలి వెళ్ళిపోయింది. మిస్సోరీకి తిరిగి వెళ్తే స్వేచ్ఛ పోతుందని భయపడి ఉంటుందని జూలియా తరువాత వ్రాసుకొంది. తనకు ఇష్టమైన మనిషి వెళ్ళిపోయినందుకు విచారించింది. ఆ వాక్యాలు చదివినప్పుడు మాకు ఒక సంగతి తోచింది. జూల్ ఎందుకు వెళ్ళిపోయిందో జూలియాకు తెలుసు. అయినా, తానే ఆమెకు స్వేచ్ఛ ఇచ్చి ఉండవచ్చునన్న ఆలోచన ఆ పుటలలో లేదు.

భర్త పేరు దేశమంతటా మారుమ్రోగుతున్న ఆ రోజులలో జూలియాకు ఒక బెంగ పట్టుకొంది. ఇంతటి వాని ప్రక్కన మెల్లకన్నుతో ఎట్లా నిలబడడమని రహస్యంగా వైద్యుని సంప్రదించింది. శస్త్రచికిత్సకు కాలం మించిపోయిందని వైద్యుడు చెప్పాడు. సంగతి తెలిసిన గ్రాంట్, ఆ కన్నులను చూచే తాను ప్రేమించానని, అవి తనవని, వాటిని ఎవరూ మార్చవలదని నచ్చచెప్పాడు. అతని ప్రేమలోని సత్యాన్ని ఈ ఒక్క సంఘటన చాలినంత చెబుతుంది.

1865 ప్రారంభంలో వర్జీనియాలోని సిటీ పాయింట్ విడిదిలో, దుంగల గుడిసెలో ఆమె భర్తతో ఉంది. లింకన్ దంపతులు అక్కడికి వచ్చినప్పుడు అధ్యక్షుని భార్య మేరీ లింకన్ పలుమార్లు ఆగ్రహించి జూలియాను నొప్పించింది. ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ లొంగిపోయాడు. 14వ తేదీ రాత్రి ఫోర్డ్ నాటకశాలకు తమతో రమ్మని లింకన్ దంపతులు గ్రాంట్ దంపతులను ఆహ్వానించారు. జూలియా వెళ్ళడానికి ఇష్టపడలేదు. న్యూజెర్సీలోని పిల్లలను చూడాలని పట్టుబట్టి ఆ సాయంకాలమే భర్తను బయలుదేరదీసింది. ఫిలడెల్ఫియా చేరేసరికి లింకన్ కాల్చబడ్డాడన్న వార్త అందింది.

1869 మార్చి 4న గ్రాంట్ అధ్యక్షుడయ్యాడు. జూలియా ఆ ఎనిమిది సంవత్సరాలను తన జీవితంలో మిక్కిలి సంతోషకరమైన కాలంగా తలచుకొనేది. శ్వేతసౌధాన్ని మరమ్మతు చేయించి, విందులకు వన్నె తెచ్చింది. ప్రజలు, పదవిలో ఉన్నవారు, లేనివారు వచ్చి కలుసుకొనే స్వాగత సభలు జరిపింది. 1874 మే 21న కుమార్తె నెల్లీ వివాహం అక్కడే వైభవంగా జరిగింది. వృద్ధుడైన తండ్రి డెంట్ కూడా 1873లో మరణించే వరకు అక్కడే ఉండి, వచ్చిన వారందరి ఎదుట దక్షిణ పక్షాన్నే సమర్థించేవాడు. అదే భవనంలో, మేడ మీద, ఆయన అల్లుడు నల్లజాతివారికి ఓటు హక్కునిచ్చిన 15వ రాజ్యాంగ సవరణను 1870లో స్వాగతించాడు; 1871లో కూ క్లక్స్ క్లాన్ హింసను అణచే శాసనంపై సంతకం చేశాడు. పుట్టినిల్లు, మెట్టినిల్లు ఒకే కప్పు క్రింద చేరాయి. జూలియా రెండింటికీ వడ్డించింది. రెండింటి మధ్య తీర్పు మాత్రం చెప్పలేదు.

ఆమెకు అధికారం మీద మమకారం ఉండేది. మూడవసారి పోటీ చేయబోనని 1875లో గ్రాంట్ ప్రకటన వ్రాసి, ఆమెకు చెబితే వారిస్తుందని ఎరిగి, దానిని టపాలో వేసిన తరువాతనే చెప్పాడు. ఆమె నొచ్చుకొంది. 1877లో శ్వేతసౌధాన్ని విడిచి రైలెక్కినప్పుడు కన్నీరు ఆపుకోలేకపోయింది.

ఆ మే మాసంలో దంపతులు ప్రపంచ యాత్రకు బయలుదేరారు. విక్టోరియా రాణి వారికి విండ్సర్ కోటలో ఆతిథ్యమిచ్చింది. ఈజిప్టులో నైలునది మీద ప్రయాణించారు, జెరూసలేము దర్శించారు, ఇస్తాంబుల్‌కు వెళ్ళారు. అక్కడి సుల్తాను గ్రాంటుకు రెండు మేలుజాతి అరబ్బీ గుర్రాలు బహూకరించాడు. 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగారు. ఆగ్రాలో తాజ్ మహల్, ఫతేపూర్ సిక్రీ చూశారు. జైపూరు వద్ద అంబర్ కోటకు ఏనుగు నెక్కి వెళ్ళారు. ఢిల్లీ, లక్నో, కాశీ మీదుగా కలకత్తా చేరి వైస్రాయి లిట్టన్ ఆతిథ్యం పొందారు. మన దక్కనుకు, తెలుగు సీమకు వారు రాలేదు.

ఆ సమయానికి మన సీమ ఏ స్థితిలో ఉందో పాఠకులు స్మరించాలి. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని, దక్కనును దహించిన మహా క్షామం అప్పుడే వెనుకబట్టింది. మన పెద్దలు దానినే ధాత కరువు అన్నారు. కడప, కర్నూలు, బళ్ళారి మండలాలు స్మశానాలయ్యాయి. లక్షలాది ప్రాణాలు పోయాయి. ఆ కాలమంతా వైస్రాయి లిట్టనే. అతిథులకు ఏనుగులు, విందులు, దీపాలంకారాలు కనిపిస్తాయి. ఆ విందుకు ధాన్యం పండించినవాడు కనిపించడు. ఇది జూలియా ఒక్కతె లోపం కాదు. వైట్ హేవెన్ వసారాలో కూర్చున్న బాలికకు వంటయిల్లు ఎట్లా కనిపించలేదో, విందుశాలలో కూర్చున్న అతిథికి కరువుసీమ అట్లే కనిపించలేదు.

జపాను మీదుగా 1879 సెప్టెంబరులో స్వదేశం చేరారు. 1880లో గ్రాంట్ మళ్ళీ అధ్యక్ష పదవికి నిలబడాలని జూలియా ఆశించింది; వారి పార్టీ గార్‌ఫీల్డును ఎన్నుకొంది. న్యూయార్కులో స్థిరపడి, ఉన్న ధనమంతా కుమారుడు భాగస్వామిగా ఉన్న గ్రాంట్ అండ్ వార్డ్ సంస్థలో పెట్టారు. 1884 మేలో అది దివాలా తీసింది. భాగస్వామి ఫెర్డినాండ్ వార్డ్ మోసం చేశాడని తేలింది. ఆ రోజున దంపతుల చేతిలో మిగిలిన రొక్కం సుమారు 200 డాలర్లు. సంస్థను నిలపడానికి గ్రాంట్ అంతకు రెండు రోజుల ముందే వాండర్‌బిల్ట్ వద్ద 1,50,000 డాలర్లు అప్పు తెచ్చాడు. వాండర్‌బిల్ట్ ఆ అప్పు మాఫీ చేస్తానన్నా దంపతులు ఒప్పుకోలేదు. ఆస్తులతో పాటు యుద్ధంలో, యాత్రలో లభించిన ఖడ్గాలు, పతకాలు, కానుకలు అప్పగించారు. అవి చివరకు జాతి సొత్తుగా ప్రభుత్వానికి చేరాయి.

ఆ వేసవిలోనే సముద్రతీరాన లాంగ్ బ్రాంచ్ విడిదిలో ఒక పండు కొరికిన గ్రాంట్ గొంతు నొప్పితో విలవిలలాడాడు. అది రాచపుండని శరత్తులో వైద్యులు తేల్చారు. తన తరువాత భార్య దిక్కులేనిదవుతుందన్న ఒక్క చింతతో ఆ మనిషి కలం పట్టాడు. మాట పడిపోయినా, మ్రింగుడు పడకున్నా, శాలువా కప్పుకొని కుర్చీలో కూర్చుని తన స్మృతులు వ్రాశాడు. రచయిత మార్క్ ట్వెయిన్ తన ప్రచురణ సంస్థ ద్వారా వాటిని ప్రచురించడానికి ముందుకు వచ్చాడు. మౌంట్ మెక్‌గ్రెగర్ కొండమీది కుటీరంలో గ్రంథం ముగించిన కొద్ది రోజులకే, 1885 జూలై 23న గ్రాంట్ కన్ను మూశాడు. ఆ గ్రంథం మీద జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా లభించాయి. ఒకనాడు గడియారం కుదువ పెట్టిన చేయి, మరణశయ్య మీద, భార్యకు జీవనాధారం కల్పించి వెళ్ళింది.

ఆయన తన సమాధి విషయంలో కోరినది ఒక్కటే: ప్రక్కన జూలియాకు చోటు ఉండాలని. సైనిక విద్యాలయపు శ్మశానంలో భార్యకు చోటు దొరకదని అక్కడ వద్దన్నాడు. న్యూయార్కులో హడ్సన్ నది ఒడ్డున నిర్మించిన మహాసమాధి 1897 ఏప్రిల్ 27న ఆవిష్కృతమైంది. 1902 డిసెంబరు 14న వాషింగ్టనులో, 76వ ఏట, జూలియా మరణించింది. ఒకే కొలతగల రెండు ఎర్రరాతి పేటికలలో నేడు ఆ దంపతులు ప్రక్కప్రక్కన ఉన్నారు. తాజ్ మహల్‌లో షాజహాన్, ముంతాజ్‌ల సమాధులు చూచి వచ్చిన దంపతులకు అట్టి విశ్రాంతియే లభించడం తలచుకొనదగినది.

వైధవ్యంలో ఆమె చేసిన రెండు పనులు ప్రత్యేకంగా పేర్కొనాలి. దక్షిణ కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ భార్య వరీనా డేవిస్ కూడా అప్పటికి వితంతువు. 1893లో వెస్ట్ పాయింట్ సమీపాన ఇద్దరూ ఒకే హోటలులో విడిదిచేయగా, జూలియా తానై వెళ్ళి ఆమెను పలుకరించింది. ఆ పరిచయం స్నేహంగా మారింది. భర్తలు శత్రువులైన ఇద్దరు స్త్రీలు ముసలితనంలో చేతులు కలిపారు.

రెండవది, తన జీవితకథను తానే చెప్పడం. అమెరికా ప్రథమ మహిళలలో స్మృతులు రచించిన తొలి స్త్రీ జూలియాయే. ఆమె జీవించి ఉండగా అది అచ్చు కాలేదు. ఆమె మరణించిన 73 సంవత్సరాల తరువాత 1975లో వెలువడింది. అందులో ఆమె సంతోషం, హాస్యం, భర్తమీది అనురాగం పుటపుటా పొంగుతాయి. ఆ పుటలలోనే వైట్ హేవెన్ బానిసలు సుఖంగా ఉండేవారని ఆమె వ్రాసింది. యుద్ధం జరిగి, సవరణలు వచ్చి, దేశం మారి, ముసలితనం వచ్చినా, ఆ బాల్యపు చిత్రాన్ని ఆమె తిరిగి పరీక్షించలేదు.

అందుచేత ఈ జీవితం నుండి మేము గ్రహించినది రెండు ముఖాలుగా ఉంది. దుంగల గుడిసెలోను, శ్వేతసౌధంలోను, దివాలా నాడు కూడా ఒకే తీరున భర్త ప్రక్కన నిలిచిన స్థైర్యం మొదటిది. పేదరికంలో సిగ్గుపడక, ఐశ్వర్యంలో పాత స్నేహితులను మరువక జీవించడం సులభం కాదు. ఆమె అది సాధించింది. ఎంతటి ప్రేమగల హృదయమైనా, తన సుఖం ఎవరి శ్రమ మీద నిలిచిందో అడుగకపోతే ఆ ప్రేమకు ఒక గోడ అడ్డు నిలుస్తుందన్నది రెండవది. మెల్లకన్ను ఆమెకు లోపమని లోకం అంది. భర్త కాదన్నాడు, అతనిదే నిజం. ఆమె చూపుకు ఉన్న అసలు లోపం వేరు. అది లూయీవిల్‌లో జూల్ వెళ్ళిపోయిన నాడు బయటపడింది.

జూల్ తరువాతి కథ మనకు పెద్దగా దొరకదు. వెళ్ళిన కొద్ది కాలానికి ఆమె వివాహం చేసుకొన్నదని జూలియా వ్రాసిన ఒక్క మాట తప్ప. ఆమె స్మృతులు ఎవరూ వ్రాయలేదు, సమాధిపై రాతిపేటిక నిలపలేదు. మా విద్యార్థినీ విద్యార్థులు గొప్పవారి జీవితాలు చదివేటప్పుడు ఆ విందు ఎవరు వండారని, ఆ బిడ్డను ఎవరు ఎత్తుకొన్నారని కూడా ఒక ప్రశ్న వేసుకోవాలని మా మనవి. జూలియా గ్రాంటును గౌరవించడానికి ఆ ప్రశ్న అడ్డు కాదు. ఆమెను సంపూర్ణంగా తెలుసుకొనడానికి అదే మార్గమని మా విశ్వాసం.